శుభ్రం చేసి పంపిన గుల్లలు

ఫోన్ మోగేసరికి నా చేతులు రెండూ సబ్బు నురగలో ఉన్నాయి. లైల్ ఫోన్ తీసి నా చెవికి ఆనించి పట్టుకున్నాడు. అవతల పరీక్షశాల అమ్మాయి ఒక్క అంకె చెప్పింది.

"ముప్పై ఒకటి."

నేను కేక పెట్టాను. చేతుల మీది నురగ ఎగిరి లైల్ ముక్కు మీద పడింది. వంద గ్రాముల గుల్ల మాంసంలో విషం ఎనభై మైక్రోగ్రాములు దాటితే తినకూడదు. మా ఎదురు తీరం ఇసుకలో తవ్విన గుల్లల్లో ఉన్నది ముప్పై ఒకటి. లైల్ నన్ను నడుం పట్టుకుని ఎత్తి వంటగదిలో రెండు చుట్లు తిప్పాడు. నా తల గిన్నెల అరకు తగిలింది. అది కూడా బాగానే ఉందనిపించింది.

పెళ్లయి అది ఆరో రోజు. ఆ ఆరు రోజులూ నాకు ఏది చూసినా పండగే. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఉండటం పండగ. అతని సాక్సులూ నా సాక్సులూ కలిసిపోయి జత కుదరకపోవటం పండగ. ఇక ఈ అంకె అయితే నేను అత్తింటికి తెచ్చిన మొదటి కానుకలా అనిపించింది. కాలేజీలో జీవశాస్త్రం చదివాను. ఈ ఊళ్లో మా తెగ కార్యాలయం తరఫున రెండేళ్లుగా నీళ్లూ గుల్లలూ సేకరించి పరీక్షలకు పంపుతున్నాను. నా చదువు మా ట్లింగిట్ తెగ వాళ్ల ఏ ఇంటికైనా ఇంత దగ్గరగా పనికిరావటం అదే మొదటిసారి.

మేం కాపురం పెట్టింది లైల్ అమ్మమ్మ లవీనియా ఇంట్లో. ఆవిడ పోయి ఏడాదవుతోంది. ఎల్లుండి శనివారం ఏడాది విందు. అది అయ్యేదాకా ఆవిడ వస్తువులు కదపకూడదు కాబట్టి కిటికీ దగ్గర కుర్చీ, దాని మీద మడిచిన శాలువా, అంచు పెచ్చు ఊడిన కప్పు అలాగే ఉన్నాయి. మేమిద్దరం నవ్వుకుంటూ ఆ గదిలోంచి వెళ్లేటప్పుడు ఎందుకో గొంతు తగ్గించేవాళ్లం. లవీనియా అమ్మమ్మకు గుల్లలంటే ప్రాణమట. కానీ చివరి ఇరవై రెండేళ్లలో ఒక్కటి కూడా నోట పెట్టలేదు. ఆవిడ కొడుకు హార్లన్ ఆ తీరం గుల్లలు తినే చనిపోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో గుల్లలు ఉడకలేదు.

ఏడాది విందులో చనిపోయిన మనిషికి ఇష్టమైనది పళ్లెంలో పెట్టి మంటలో వేస్తాం. అదే వంటకం అతిథులకూ పెడతాం. అమ్మమ్మకు గుల్లలు పెట్టకుండా ఏం పెడతామని మా అత్తయ్య, లైల్ వాళ్లమ్మ వెస్టా, వేసవి నుంచీ అంటోంది. విందు పెట్టేది లైల్ వాళ్ల కాకి వర్గం. తినేది ఎదుటి వర్గం, అంటే డేగ వర్గం, అంటే మావాళ్లు. మా అమ్మ, మేనమామలు, పిన్నులు శనివారం పడవలో దిగుతారు. నూట నలభై మంది. అత్తయ్య వాళ్ల ముందు పెట్టే ప్రతి గిన్నెకూ నా అంకే పూచీ.

ముప్పై ఒకటి అని అత్తయ్యకు చెప్పాను. ఆవిడ వెంటనే గోడకున్న వైర్‌లెస్ తీసి ఊరంతా వినే చానల్లో చెప్పింది.

"వెస్టా మాట్లాడుతున్నా. ఎదురు తీరం గుల్లలు మంచివని తేలింది. మా కోడలు పరీక్ష చేయించింది. విన్నారా? మంచివి."

మామూలుగా అయితే పది గొంతులు ఒకేసారి లేచేవి. ఆ రోజు కాసేపు ఉత్త గరగరే వినిపించింది. ఎవరో మీట నొక్కి, ఊపిరి పీల్చి, ఏమీ అనకుండా వదిలేశారు. చివరికి పడవల గస్ గొంతు వచ్చింది. "సరే అయితే. సాయంత్రం పాటుకి నీరు తగ్గగానే మేమూ తవ్వుకుంటాం. బకెట్లు తుప్పు పట్టి చచ్చాయి."

ఇంట్లో ముందే తవ్విన గుల్లలున్నాయి. అత్తయ్య వాళ్ల అక్క ఓర్ఫా, అంటే మా పెద్దత్తయ్య, అంకె మంచిదే వస్తుందన్న ఆశతో ఆ పొద్దునే తవ్వి, ఇసుక కక్కడానికి ఉప్పునీళ్ల బకెట్లలో వేసి వరండాలో పెట్టింది. అవి నీళ్లు చిమ్మేవి, ఒకదానికొకటి రాసుకుని టకటకమనేవి. తలుపు వేసి ఉంటే, బయట ఎవరో ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నట్టు ఉండేది.

లైల్ ఆగలేదు. నాలుగు గుల్లలు చిప్పలతోనే ఆవిరి మీద ఉడికించి, గిన్నెలో మిగిలిన నీళ్లతో సహా నిలబడే తినేశాడు. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ వాసన ఇల్లంతా పాకింది. శాలువా మీదికీ, కర్టెన్ల మీదికీ ఎక్కింది. ఇల్లు ఎవరికోసమో ఒళ్లు విరుచుకుని లేచినట్టనిపించింది.

"నీకూ ఒకటి?" అన్నాడు.

"నేను శనివారం అతిథిని. అప్పటిదాకా తినను. మర్యాద తెలియని కోడలు అంటారు."

"సరే, వాసన అయినా చూడు," అని ముద్దు పెట్టాడు. అతని పెదాలు ఉప్పగా ఉన్నాయి. అప్పుడు పన్నెండున్నర. టైం ఎందుకు గుర్తుందంటే, ఆ తర్వాత దాన్ని చాలాసార్లు లెక్కేసుకున్నాను.

లైల్ కట్టెలు చేరవేయడానికి విందు జరిగే హాలుకు వెళ్లాడు. అత్తయ్యా అక్కడికే వెళ్లింది. నేను వరండాలో పెద్దత్తయ్య పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆవిడకు అరవై ఎనిమిది. ఆవిడ చేతిలో పొట్టి కత్తి పక్షి ముక్కులా ఆడుతుంది. చిప్ప తెరిచి, లోపలి మాంసం ఊడదీసి, అది నీళ్లు చిమ్మే గొట్టంలాంటి మెడ కొసన ఉన్న నల్లటి ముక్కను కోసి కాకులకు విసిరి, పొట్ట చీల్చి తుడిచి, నీళ్లలో ముంచి ఎత్తుతుంది. మాంసం తెల్లగా పాలుగారుతూ వస్తుంది.

"చూసి నేర్చుకో కోడలు పిల్లా. పట్నంలో ఇవన్నీ డబ్బాలో వస్తాయి."

"డబ్బా తెరవడం కూడా ఒక విద్యే పెద్దత్తయ్యా."

"అబ్బో. మావాడు అందుకే పడిపోయాడు కాబోలు." ఆవిడ నవ్వింది. "నువ్వు ఫోన్‌లో పన్నెండు గుల్లలు కావాలన్నప్పుడు ఎంత శ్రమపడ్డాననుకున్నావ్? మంగళవారం పొద్దున తవ్వి, ఇక్కడే కూర్చుని, ఒక్కొక్కటీ మూడుసార్లు కడిగా. నల్లటిది చుక్క లేకుండా కోసి పంపా. తెల్లగా ముత్యాల్లా ఉన్నాయి."

నా చేతిలోని చిప్ప జారి బకెట్లో పడింది.

"కోసి... పంపారా? పరీక్షకి?"

"మరి? ఎవరో తెలియని వాళ్లింటికి మెడలతో, మురికితో పంపుతానా? నువ్వేం మాట్లాడుతున్నావ్? మా అమ్మ చూస్తే చెంప పగలగొట్టేది."

నేను ఆవిడ చేతుల వంక చూస్తూ ఉండిపోయాను. తప్పు ఆవిడది కాదు. మా ఊళ్లల్లో ఎవరికైనా సరే, శుభ్రం చేయని గుల్ల చేతిలో పెట్టడమంటే ముఖం మీద ఉమ్మడమే. తవ్వడం, కోయడం, కడగడం, ఇవ్వడం అన్నీ ఒకటే పని. నమూనా మాత్రం బురదతో, మూసిన చిప్పతో పంపాలని చెప్పాల్సింది నేను. దగ్గరుండి సంచి కట్టాల్సిందీ నేనే. కానీ మంగళవారం పొద్దున నేను జూనో పట్నంలో హోటల్ గదిలో, దుప్పటి కింద, "ఇంకొక్క రోజు ఉందాం" అంటున్నాను. అంతకు ముందు రోజు కూడా అదే అన్నాను. పరీక్ష దరఖాస్తు అక్కడి నుంచే, లైల్ భుజం మీద తల పెట్టుకుని నింపాను. మాంసం ఎలా పంపారు అన్న ప్రశ్న దగ్గర, చూడకుండానే "మొత్తం గుల్ల" అని గీత పెట్టాను.

ఈ రకం గుల్లలో విషం ఎక్కువగా చేరేది ఆ మెడ నల్ల కొసలోనే. విషపు నాచు పెరిగి సముద్రం ఎర్రబారిన వేసవి పోయి ఏడాదైనా, రెండేళ్లయినా అక్కడ దాక్కుని ఉంటుంది. ఉడికించినా పోదు. రుచి ఉండదు, వాసన ఉండదు. మెడలు కోసేసిన మాంసంలోనే ముప్పై ఒకటి ఉంటే, కోయనిదానిలో ఎంత ఉన్నట్టు? లైల్ తిన్నవి చిప్పలతో ఉడికినవి. మెడలతో, ఆ నీళ్లతో.

పెద్దత్తయ్యకు చెప్పాను. ఆవిడ మొదట ఒప్పుకోలేదు.

"మనం తినేది కోసినవే కదే? కోసినవే పరీక్షించారు. అంతే కదా లెక్క?"

"లైల్ కోయకుండా తిన్నాడు పెద్దత్తయ్యా. శనివారం పన్నెండు మంది పన్నెండు కత్తులతో కూర్చుంటారు. అందరి చేయీ మీ చేయి కాదు. ఒక్కరు ఒక్క మెడ వదిలేసినా విందుకి వండే గుల్లల పాల సూపు కుండంతా..."

ఆవిడ కత్తి ఆగిపోయింది. కాకులు మెట్ల కింద మెడల కోసం కొట్టుకుంటున్నాయి. బకెట్లో గుల్లలు టకటకమన్నాయి.

"ఒక్క మెడ," అంది ఆవిడ.

తర్వాత, నాతో కాదన్నట్టు మాట్లాడింది. "ఆ రోజు హార్లన్ తిన్నవి కోసింది నేనే. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వాడు త్వరగా కానీయక్కా అంటున్నాడు. తిన్నాక పడవలో వెళ్తూ వైర్‌లెస్‌లో నవ్వాడు. నా పెదాలు నిద్రపోయాయి, ఎవరైనా లేపండర్రా అని. ఊరంతా విని నవ్వింది. తర్వాత వాడి మాట మందంగా వచ్చింది. తర్వాత నవ్వొక్కటే వచ్చింది. తర్వాత అదీ లేదు. ఇరవై రెండేళ్లుగా ప్రతిసారీ కత్తి పట్టుకోగానే ఆ గుల్లలన్నీ మళ్లీ కోస్తా పిల్లా. ఏ ఒక్కటి వదిలేశానా అని."

"కోసినా విషం మొత్తం పోదు పెద్దత్తయ్యా. గుల్ల ఒంట్లో కూడా ఉంటుంది."

"అంటే నా వల్ల కాదంటావా?"

కాదనాలని ఉంది. "తెలీదు," అన్నాను. "తెలుసుకునే దారి లేదు."

ఆవిడ తలూపింది. నేను లేచి పరుగెత్తాను.

హాలు దగ్గర లైల్ కట్టెల గుట్ట మీద నిలబడి ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు. సమయం రెండు దాటి పది నిమిషాలు. చేయి పట్టుకుని లాగితే, "ఇంత మంది ముందా?" అని కన్ను కొట్టాడు. నా ముఖం చూసి ఊరుకున్నాడు. క్లినిక్ నాలుగు ఇళ్ల అవతల. దారంతా నా పెదాలు చిమచిమలాడుతున్నట్టే ఉన్నాయి. ముద్దు వల్లా, పరుగు వల్లా, భయం వల్లా, ఇంకా దేనివల్లా? ఆరు రోజులుగా అతన్ని చూస్తే అవి అలాగే ఉంటున్నాయి. తేడా తెలియడం లేదు.

క్లినిక్ చూసుకునే వెల్మా అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, ఊపిరి అందించే సంచీ తీసి పక్కన పెట్టింది. దాన్ని ఎందుకు తీసిందో నాకు తెలుసు. ఈ విషానికి విరుగుడు లేదు. ఊపిరి ఆగితే, అది ఒంట్లోంచి పోయేదాకా ఎవరో ఒకరు ఊపిరి పోస్తూ ఉండాలి.

"పెదాలు?"

"ఉన్నాయి," అన్నాడు లైల్.

"వెధవ వేషాలొద్దు. మొద్దుబారాయా? వేళ్లు?"

"లేదు వెల్మా. నిజంగా."

"ఊళ్లో ఇంకెవరు తిన్నారు?" వెల్మా నావైపు తిరిగింది. "సాయంత్రం పాటుకి సగం ఊరు తీరం మీద ఉంటుంది. ముందు అది చెప్పు."

గోడకున్న వైర్‌లెస్ అందుకున్నాను. మీట నొక్కాను. "కొరీన్‌ని. గుల్లల పరీక్షలో పొరపాటు జరిగింది. ఎవరూ తవ్వొద్దు, తినొద్దు. ఆ అంకె చెల్లదు. పొరపాటు నాది. నమూనా తీసేటప్పుడు నేను ఊళ్లో లేను, ఉన్నట్టు కాగితం నింపాను."

మళ్లీ అదే గరగర. ఎవరో ఊపిరి పీల్చిన శబ్దం. ఆ క్షణంలో ఒక నవ్వు వినపడుతుందేమోనని చెవి ఒగ్గాను. నేను ఎన్నడూ చూడని హార్లన్ నవ్వు అది. నేను ఈ ఊరు రాకముందే ఆగిపోయింది.

తలుపు తోసుకుని పెద్దత్తయ్య వచ్చింది. ఏప్రన్ విప్పలేదు, రొప్పుతోంది. నా చేతిలోంచి వైర్‌లెస్ లాక్కుంది.

"ఓర్ఫాని. పిల్ల సగమే చెప్పింది. పరీక్షకి పంపిన గుల్లలు కోసి కడిగి పంపింది నేను. మీలో ఎవరైనా అదే చేసేవాళ్లు. కానీ చేసింది నేను. హార్లన్‌కి ఆ రోజు కోసి పెట్టింది కూడా నేనే. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. బకెట్లు లోపల పెట్టండి."

మీట వదిలేసింది. గరగర చాలాసేపు సాగింది. వెల్మా కూడా గోడవైపే చూస్తోంది. అప్పుడు గస్ గొంతు, ఎప్పటికంటే నెమ్మదిగా, "విన్నాం ఓర్ఫా. నా బకెట్ లోపలే ఉంది," అంది. ఇంకో ముసలి గొంతు, "మాదీ," అంది. "మాదీ." "మాదీనే." ఒక్కొక్క ఇల్లే పలికింది. పెద్దత్తయ్య లెక్కపెట్టుకుంటూ విన్నది. చివర్లో ఒకావిడ, "మరి మీ లైల్‌ని క్లినిక్‌కి లాక్కెళ్లారటగా, తిన్నాడా? మాట్లాడించండి వాడిని," అంది.

లైల్ నోటికి వైర్‌లెస్ పెట్టాం. "నా పేరు లైల్. నాకు ముప్పై. నా పెళ్లాం నా చేయి విరిచేస్తోంది. మా పెద్దమ్మకు కొంచెం..."

"ఏరా?" అంది పెద్దత్తయ్య.

"...కొంచెం దగ్గర్లో కూర్చోవడం ఇష్టం," అన్నాడు. వైర్‌లెస్‌లో ఎవరో ఫక్కుమన్నారు. ఒక్క మాట కూడా మందంగా లేదు. నేను ప్రతి అక్షరాన్నీ విన్నాను.

తర్వాత ముగ్గురం గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నాం. మాట మందగించిందేమో చూడటానికి పది నిమిషాలకోసారి పెద్దత్తయ్య తమ వంశం ఇళ్ల పేర్లు అడిగేది, లైల్ వరసగా చెప్పేవాడు. ఒకసారి మధ్యలో ఆగాడు. నేను ఊపిరి సంచీ వైపు చేయి చాచాను. అతనికి నిజంగానే ఆ పేరు గుర్తులేదు. "సిగ్గులేదురా," అంటూ పెద్దత్తయ్య కళ్లు తుడుచుకుంది. మూడున్నరకు అతని వేలికొసలు చల్లగా అనిపించి నా రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను. కట్టెలు మోసిన చేతులు, అంతే. నాలుగున్నరకు ఆకలేస్తోందన్నాడు. అయిదుంపావుకి వెల్మా ఊపిరి సంచీ మళ్లీ అరలో పెట్టేసింది. "రాత్రి పక్కనే ఎవరైనా ఉండాలి," అంది. తర్వాత నన్ను చూసి, "ఉంటావులే," అంది.

బయట చీకటి పడలేదు. తీరం వైపు చూశాం. పాటుకు నీరు తగ్గి ఇసుక బయటపడుతోంది. ఎవరూ లేరు. అక్కడక్కడా ఇసుకలోంచి గుల్లలు నీళ్లు చిమ్ముతున్నాయి, ఎవరో నడుచుకుంటూ వస్తుంటే చిమ్మినట్టు, ఒక వరసలో.

అత్తయ్య మా ఇంటి వరండాలో ఎదురుచూస్తోంది. బకెట్లు ఖాళీగా ఉన్నాయి. మూసి ఉన్నవి మోసుకెళ్లి నీళ్లలో వదిలేసిందట. ఆవిడ ముందు లైల్ ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది. తర్వాత అక్క వైపు తిరిగింది. వైర్‌లెస్‌లో విన్నదాని గురించి అడుగుతుందనుకున్నాను. ఇద్దరూ పక్కపక్కన మెట్ల మీద కూర్చున్నారు. అత్తయ్య వేరే సంగతి అడిగింది.

"శనివారం అమ్మకేం పెడదాం అక్కా?"

"అంకె మంచిదొస్తే గుల్లలు. లేకపోతే జింక మాంసం, హెర్రింగ్ చేప గుడ్లు. అమ్మ కోపగించుకుంటుంది. కోపగించుకోనీ."

"అంకె ఎలా వస్తుంది? ఇంకా రెండ్రోజులేగా?"

నేను క్లినిక్ నుంచే పరీక్షశాలకు ఫోన్ చేసి అడిగానని చెప్పాను. ఆ అంకె కొట్టేయమన్నాను. రేపు మధ్యాహ్నంలోగా నమూనా అందితే శనివారం పొద్దున చెప్తామన్నారు. పెద్దత్తయ్య ఏదో లెక్కేసుకుని, లేచి, లోపలికెళ్లి వైర్‌లెస్ అందుకుంది. తెరిచిన కిటికీలోంచి ఆవిడ గొంతు ఊరి మీదికి వెళ్లింది.

"ఓర్ఫాని మళ్లీ. రేపు పొద్దున ఏడింటికి పాటు. ఆరున్నరకల్లా నేనూ కోడలూ ఎదురు తీరం మీద ఉంటాం. పన్నెండు గుల్లలు తవ్వుతా. చిప్ప తెరవను, కడగను, బురద కూడా తుడవను. పిల్ల నా చేతులు చూస్తూ నిలబడుతుంది, సంచి తనే కడుతుంది. తొమ్మిదింటి విమానంలో పంపుతాం. శనివారం ఏ అంకె వచ్చినా నేనే చదువుతా. చూడాలనుకున్నవాళ్లు బూట్లేసుకుని రండి. కత్తులు తేవద్దు."